ఇంట్లో విస్కీ సోర్: పులుపు, తీపి, ఘాటు సరిపోయేలా కలపడం ఎలా?

విస్కీ, నిమ్మరసం, పంచదార పాకం ఐసుతో ఊపి చేసే కాక్‌టెయిల్ విస్కీ సోర్. దాన్ని ఇంట్లో కలుపుకునేవారు పదే పదే అడిగే ప్రశ్న ఒకటే: కిందటిసారి చక్కగా కుదిరిన పానీయం, అదే విస్కీతో, అవే వస్తువులతో కలిపినా ఈసారి పుల్లగానో నీళ్లగానో ఎందుకు తయారైంది? విస్కీ మార్చి చూడమని సలహా ఇచ్చేవారు చాలామంది ఉంటారు గాని, లోపం సీసాలో ఉండడం అరుదు. నిమ్మకాయ కాయకొక తీరుగా ఉంటుంది, ఐసు ఫ్రీజర్ బయట ఉన్న నిమిషాలను బట్టి మారిపోతుంది, కంటి అంచనాతో పోసిన పెగ్గు ఏ రెండుసార్లూ ఒకేలా పడదు. ఈ మూడింటినీ అదుపులో పెట్టుకుంటే మామూలు ధర విస్కీతోనే మంచి కాక్‌టెయిల్ వస్తుంది. వీటిని గాలికి వదిలేస్తే ఎంత ఖరీదైన సీసా తెచ్చినా రాదు.

విస్కీతో చేసే కాక్‌టెయిళ్లు ఎన్నో ఉన్నా సోర్‌నే ముందు నేర్చుకోమనడానికి కారణం ఉంది. దీనికి కావలసిన ముఖ్యమైన వస్తువు తాజా నిమ్మకాయ, అది మన ప్రాంతంలో ఏడాది పొడవునా దొరుకుతుంది. తెనాలి నిమ్మ మార్కెట్ విజయవాడకూ గుంటూరుకూ కూతవేటు దూరంలోనే ఉంది. గుమ్మడికాయ పులుసులో చింతపండుకు తగిన బెల్లం వేసి రుచి సరిచూడడం తెలిసిన ఇంట్లో ఈ పానీయం కుదరడం కష్టమేమీ కాదు, ఎందుకంటే చూసుకోవలసిన లెక్క అదే.

మొదలుపెట్టే ముందు తప్పక తెలుసుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో మద్యం కొనడానికి కనీస వయసు 21 ఏళ్లు. మన దగ్గర అమ్మే విస్కీలో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది, కాబట్టి 60 మి.లీ. పోస్తే అందులో దాదాపు 20 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్ ఉన్నట్లు. తీపీ పులుపూ ఆ ఘాటును కప్పేస్తాయి గనుక సోడాతో తాగేటప్పటికంటే గ్లాసు త్వరగా ఖాళీ అవుతుంది. బండి నడిపేవారి రక్తంలో 100 మి.లీ.కి 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం, ఆ హద్దును ఈ ఒక్క గ్లాసే దాటించవచ్చు. అందుచేత ఇది ఎక్కడికీ వెళ్లే పని లేని రాత్రి, భోంచేస్తూ తాగవలసినది. మధుమేహానికి, కాలేయానికి, నిద్రకు మందులు వాడేవారు, గర్భిణులు దీని జోలికి వెళ్లకూడదు.

ఒక గ్లాసుకు కావలసినవి

విస్కీ 60 మి.లీ., అప్పుడే పిండిన నిమ్మరసం 20 మి.లీ., పంచదార పాకం 20 మి.లీ., ఉప్పునీరు రెండు మూడు చుక్కలు, ఒక ట్రే నిండా ఐసు ముక్కలు, పైన వాసనకు నారింజ లేదా బత్తాయి తొక్క ఒక పలక.

అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం చెప్పే కొలత 45 మి.లీ. విస్కీకి 25 మి.లీ. నిమ్మరసం, 20 మి.లీ. పాకం. అక్కడ వాడేది పెద్ద పసుపు నిమ్మకాయ. మన చిన్న నిమ్మకాయ రసం నాలుకకు మరింత చురుగ్గా తగులుతుంది గనుక తక్కువతో మొదలుపెట్టి, అవసరమైతే పెంచుకోవడం మేలు.

సామాను

షేకర్, అంటే పానీయాన్ని ఐసుతో ఊపే మూత పాత్ర, కొనవలసిన పని లేదు. మూత గట్టిగా బిగిసే, వెడల్పు నోరున్న స్టీలు మంచినీళ్ల సీసా సరిపోతుంది. విజయవాడ వన్‌టౌన్‌లోనో గుంటూరు పట్నం బజారులోనో స్టీలు సామాను అమ్మే దుకాణంలో అడిగితే ఇలాంటివి చూపిస్తారు. గాజు సీసాలో మాత్రం ఐసు వేసి ఊపకండి, అది పగిలితే చెయ్యి తెగుతుంది. వడకట్టడానికి టీ వడపోత చాలు.

డబ్బు పెట్టవలసింది కొలతకే. 5 మి.లీ. గీతలున్న చిన్న కొలత పాత్ర ఒకటి కొనండి. అది దొరికేవరకు దగ్గు మందు సీసాతో వచ్చే గీతల కప్పును బాగా కడిగి వాడుకోవచ్చు. సీసా మూతను పెగ్గుగా లెక్కించడం, వేళ్లు అడ్డం పెట్టి గ్లాసులో పోయడం ఈ పానీయానికి పనికిరావు. తూకం యంత్రం ఉన్నవారు గ్రాములనే మి.లీ.గా తీసుకోకూడదు: 60 మి.లీ. విస్కీ సుమారు 57 గ్రాములే తూగుతుంది, 20 మి.లీ. పాకం దాదాపు 25 గ్రాములు తూగుతుంది.

ఏ విస్కీ వాడాలి?

మధ్యస్థ ధరలో ఉన్నది. మన దేశంలో మామూలు ధరకు దొరికే చాలా విస్కీలు చెరుకు మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే మడ్డి) నుంచి తీసిన స్పిరిట్‌కు కొంత మాల్ట్ విస్కీ, అంటే మొలకెత్తించిన బార్లీతో చేసిన విస్కీ, కలిపి తయారైనవి. వీటిలో కొన్ని రుచికి తియ్యగానే ఉంటాయి. అలాంటిదైతే పాకం 15 మి.లీ.తో మొదలుపెట్టండి. మొక్కజొన్న ఎక్కువగా వాడి, కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో ఉంచే అమెరికా బోర్బన్ ఈ పానీయానికి సహజంగా నప్పుతుంది. పొగ వాసన ఉన్న స్కాచ్ అయితే పంచదార బదులు తేనె వాడాలి. అమృత్, పాల్ జాన్ వంటి మన సింగిల్ మాల్ట్ సీసా ఇంట్లో ఉంటే దాన్ని నిమ్మరసంలో ముంచకండి. దాని రుచి నిదానంగా, కాసిన్ని నీళ్లతో తెలుసుకోవలసినది.

చేసే విధానం

1. ముందురోజే పాకం సిద్ధం చేసుకోండి. 100 గ్రాముల పంచదారలో 100 మి.లీ. వేడి నీరు పోసి, పూర్తిగా కరిగేవరకు కలపండి, పొయ్యి మీద మరిగించకండి. మరిగితే నీరు ఆవిరై కొలత మారిపోతుంది, తీగపాకం దాకా వెళితే అది చల్లటి ద్రవంలో కలవక సీసా అడుగున పేరుకుంటుంది. చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు వాడుకోవచ్చు. విడి పంచదారను నేరుగా సీసాలో వేసి ఊపడం చాలామంది చేసే పొరపాటు, ఎందుకంటే విస్కీలోనూ చల్లదనంలోనూ పంచదార సరిగా కరగదు. అప్పుడు పైన తాగింది పుల్లగా, అడుగున మిగిలింది తియ్యగా ఉంటుంది.

బెల్లంతో చేయాలనుకుంటే అదే బరువు నీటిలో కరిగించి, పలచని బట్టలో వడకట్టండి. అడుగున ఇసుక నలుసులు ఉంటాయి. నా మట్టుకు మన విస్కీలకు పంచదార కంటే బెల్లమే బాగా కలుస్తుందనిపిస్తుంది. రంగు కాస్త ముదురుతుంది, అంతే. తేనె అయితే రెండు వంతుల తేనెకు ఒక వంతు వేడి నీరు కలిపి పలచన చేయాలి.

2. ఉప్పునీరు కలుపుకోండి. 20 మి.లీ. నీటిలో 5 గ్రాముల ఉప్పు కరిగించి చిన్న సీసాలో పోసి పెట్టుకోండి. ఇందులో రెండు మూడు చుక్కలు వేస్తే ఉప్పదనం తెలియదు గాని, నిమ్మ తొక్క నుంచి దిగిన చేదు తగ్గుతుంది. చిటికెడు రాళ్ల ఉప్పు వేయడం దీనికి ప్రత్యామ్నాయం కాదు, అది కరగదు.

3. గ్లాసును ఫ్రీజర్‌లో పది నిమిషాలు ఉంచండి. మే నెలలో అల్మారాలోంచి తీసిన గ్లాసు చేతికి వెచ్చగా తగులుతుంది, అందులో పోసిన చల్లటి పానీయం రెండు నిమిషాల్లో చప్పబడుతుంది.

4. నిమ్మరసం పిండండి. తొక్క పలచగా, పసుపు రంగు తిరిగి, పరిమాణానికి మించి బరువుగా అనిపించే కాయలు ఏరుకోండి. ఆకుపచ్చగా, గట్టిగా ఉన్న కాయలో రసం తక్కువ. ఫ్రిజ్‌లోంచి తీసినవైతే పది నిమిషాలు గోరువెచ్చని నీటిలో ఉంచి, బల్ల మీద అరచేతితో నొక్కుతూ దొర్లించి, అడ్డంగా కోయండి. పిండేటప్పుడు రసం ధారగా రావడం ఆగి చుక్కలు పడుతుండగానే ఆపేయాలి. చివరి చుక్క వరకు నలిపితే తొక్కలోని చేదు నూనె రసంలోకి దిగుతుంది, గింజ నలిగినా అంతే. పిండిన రసాన్ని వడకట్టి, ఆ తరువాతే కొలవండి. ఇన్ని కాయలు అని లెక్క పెట్టుకోకండి. వేసవిలో రెండు కాయలకు రాని రసం వానల తరువాత ఒకటిన్నర కాయకే వస్తుంది. సీసాలో అమ్మే నిమ్మరసం, నిమ్మ స్క్వాష్ ఇందులో వాడకూడదు. స్క్వాష్‌లో ముందే చక్కెర ఉంటుంది, నిల్వ రసంలో తాజా వాసన ఉండదు.

5. ఐసు తీయక ముందే స్టీలు సీసాలో నిమ్మరసం, పాకం, ఉప్పునీరు, చివరగా విస్కీ పోయండి. చౌకైన వస్తువులు ముందు పోస్తే కొలత తప్పినా విస్కీ వృథా కాదు.

6. ఇప్పుడు రుచి చూడండి. నేరుగా చూస్తే తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే ఇంకా నీరు కలవలేదు, చల్లబడలేదు. ఒక చిన్న గిన్నెలో రెండు చెంచాల మిశ్రమానికి ఒక చెంచా బాగా చల్లటి నీరు కలిపి నాలుక మీద వేసుకోండి. చివరికి గ్లాసులోకి వచ్చేది సుమారుగా ఆ రుచే. నాలుకకు ముందు పులుపు తగిలి, వెంటనే తీపి దాన్ని సర్ది, మింగాక విస్కీ వాసన మిగలాలి. చల్లదనంలో తీపి అణగిపోతుంది కాబట్టి ఈ దశలో తీపి ఒక పిసరు ఎక్కువనిపిస్తే కంగారు పడకండి.

7. ఐసు వేయండి. చాలా ఇళ్లలో పానీయం చెడేది ఈ మెట్టు దగ్గరే కాబట్టి కాస్త నిదానించండి.

కాక్‌టెయిల్ అంటే స్పిరిట్, చక్కెర, నీరు, బిట్టర్స్ (చేదు మూలికల సారం) కలిసినదని అమెరికాలో 1806లోనే ఒక పత్రిక నిర్వచించింది. నీరు అందులో లెక్కకు వచ్చే భాగమే, దాన్ని మనం ఐసు ద్వారా పోస్తున్నాం. ఐసు ముక్కలు బయట బల్ల మీద పది నిమిషాలు ఉంటే వాటి ఒంటికి నీరు పడుతుంది, ఆ నీరు సీసాలోకి వెళ్లి చల్లదనం ఇవ్వకుండానే పానీయాన్ని పలచన చేస్తుంది. అందుకే ట్రేను చివరి క్షణంలోనే తీయాలి. తడిగా ఉంటే జల్లెడలో ఒకసారి విదిలించి వేయాలి. రెండో పొరపాటు, నీళ్లగా అవుతుందన్న భయంతో నాలుగైదు ముక్కలే వేయడం. జరిగేది దానికి తలకిందులు: కొద్ది ఐసు త్వరగా కరిగిపోతుంది, పానీయం చల్లబడదు. సీసాలో మూడింట రెండు వంతులు ఐసుతో నిండాలి.

ఐసు వాసన కూడా చూసుకోండి. మూత లేని ట్రే పక్కన చేపలో చికెనో ఉంటే ఆ వాసన ఐసుకు పడుతుంది. తాగే నీటితో, మూత ఉన్న ట్రేలో, విడిగా గడ్డకట్టించండి. కరెంటు పోయి సగం కరిగి మళ్లీ గడ్డకట్టి అతుక్కుపోయిన ముక్కలను పారబోసి కొత్తవి పెట్టండి. చేపల మార్కెట్‌కు వచ్చే గడ్డ ఐసు తాగే వాటిలో వేయడానికి కాదు, ఎంత అవసరమైనా దాన్ని కొట్టించి తేవద్దు.

8. మూత బిగించి, మీద అరచెయ్యి ఆనించి, ముందుకూ వెనక్కూ గట్టిగా 12 నుంచి 15 సెకన్లు ఊపండి. సీసా బయట చెమట పట్టగానే ఆపమని చాలా చోట్ల రాస్తారు. కృష్ణా తీరపు ఉక్కలో ఆ గుర్తును నమ్మకండి, ఇక్కడ స్టీలు మీద చెమట ఊపడం మొదలైన నాలుగో సెకనుకే పడుతుంది. ఒక పొర సీసా అయితే పట్టుకున్న వేళ్లు నొప్పిపుట్టేంత చల్లబడాలి; రెండు పొరల సీసా అయితే చేతికి ఏమీ తెలియదు, అంకెలు లెక్కపెట్టడమే దారి. సోడా కలిపి మాత్రం ఎన్నడూ ఊపకండి, మూత ఎగిరి ముఖానికి తగలవచ్చు.

9. టీ వడపోతలోంచి చల్లటి గ్లాసులోకి వడకట్టండి. ఐసుతో తాగాలనుకుంటే కొత్త ముక్కలు వేసుకోండి, సీసాలో అరిగిపోయినవి వద్దు. నారింజ తొక్కను తెల్ల పొర రాకుండా పలచగా చెక్కి, గ్లాసు మీద రంగు వైపు కిందికి పెట్టి మడవండి. వెలుతురులో చూస్తే సన్నని నూనె తుంపర పానీయం మీద పడడం కనిపిస్తుంది. నారింజ దొరకకపోతే బత్తాయి, అదీ లేకపోతే నిమ్మ తొక్క వాడవచ్చు.

సరిగా వచ్చిందో లేదో చూసుకోవడం

నాలుక కంటే ముందు కొలత పాత్రను అడగండి. సీసాలో పోసింది 100 మి.లీ. అయితే వడకట్టాక 140 నుంచి 150 మి.లీ. ఉండాలి. 130కి తక్కువైతే సరిగా ఊపలేదు; 160 దాటితే ఐసు తడిగా ఉంది లేదా ఎక్కువసేపు ఊపారు. మొదటి కొన్నిసార్లు ఇలా కొలిచి చూసుకుంటే తరువాత చెయ్యి దానంతటదే అలవాటు పడుతుంది. ఆ తరువాతే రుచి సంగతి.

పులుపు గుచ్చుతుంటే ఒక టీ చెంచా, అంటే 5 మి.లీ., పాకం కలపండి. తీపి నాలుకకు అంటుకుంటుంటే అర చెంచా నిమ్మరసంతో మొదలుపెట్టండి. రెండూ సరిపోయినా గొంతులో మంట ఉంటే లోటు నీటిదే. పాకం పోయకుండా ఐసుతో మరో ఐదు సెకన్లు ఊపండి. చేదు మిగిలితే నిమ్మకాయ అతిగా పిండారన్నమాట, ఉప్పునీరు మరో రెండు చుక్కలు వేస్తే కొంత తగ్గుతుంది. నీళ్లగా అయిపోయినదానికి మాత్రం మందు లేదు. దాన్ని విస్కీ పోసి సరిచేయబోతే ఎంత తాగుతున్నారో లెక్క తప్పుతుంది. సోడా, ఐసు కలిపి పొడుగు గ్లాసులో తాగేయడమే మంచిది.

ఒకేసారి రెండు మార్చకండి. పాకం, నిమ్మరసం రెండూ కొంచెం కొంచెం పోస్తూ పోతే ఏది సరిచేసిందో తెలియదు, గ్లాసు మాత్రం నిండిపోతుంది. కుదిరిన కొలతను విస్కీ పేరుతో సహా ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి.

నురుగు కావాలనుకునేవారికి

పైన తెల్లటి నురుగు కోసం గుడ్డు తెల్లసొన 15 నుంచి 20 మి.లీ. వేసి, ముందు ఐసు లేకుండా 15 సెకన్లు, తరువాత ఐసుతో 12 సెకన్లు ఊపుతారు. పచ్చి గుడ్డు వల్ల సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సోకే ప్రమాదం ఉంది, విస్కీలో కలిసినంత మాత్రాన అది పోదు. ఎండల్లో బయట అట్టల మీద పెట్టి అమ్మే గుడ్లతో ఈ పని చేయవద్దని గట్టిగా చెబుతాను. కాబూలీ శనగలను ఉప్పు లేకుండా ఉడికించి, ఆ నీటిని తెల్లసొనంత జిగురు వచ్చేవరకు మరిగించి చల్లార్చి 20 మి.లీ. వాడితే దాదాపు అదే నురుగు వస్తుంది. శనగల వాసన మొదట కొద్దిగా తెలుస్తుంది, తొక్క నూనె పడగానే అణగిపోతుంది.

గుంటూరు మిర్చి వేయవచ్చా?

వేయవచ్చు గాని విస్కీ సీసాలో కాదు. మిర్చిలోని కారం నీటిలో కంటే ఆల్కహాల్‌లో చాలా బాగా కరుగుతుంది. ఎండుమిర్చి ఒకటి విస్కీలో వేసి మరిచిపోతే గంట గంటకూ కారం పెరిగి ఎవరూ తాగలేనిది తయారవుతుంది. గింజలు, లోపలి ఈనెలు తీసేసిన ఒక ఎండుమిర్చిని వేడి పాకంలో ఐదు నిమిషాలు ఉంచి తీసేయండి. కారం కంటే ముందు ఎండుమిర్చి వాసన వస్తే సరిగా కుదిరినట్లు. ఇలా చేసినప్పుడు బెల్లం పాకమే వాడండి. అల్లం ఇష్టమైనవారు ఒక టీ చెంచా అల్లం రసం కలిపి, పంచదార పాకం బదులు తేనె పోసుకోవచ్చు.

నలుగురు వచ్చినప్పుడు

అతిథులు కూర్చున్నాక ఒక్కో గ్లాసుకు సీసా ఊపుతూ నిలబడడం కష్టం, నాలుగో గ్లాసుకు వచ్చేసరికి ఐసు కూడా తడిసిపోతుంది. ముందే కలిపి పెట్టుకోవడం సులువు. విస్కీ 240 మి.లీ., నిమ్మరసం 80 మి.లీ., పాకం 80 మి.లీ., ఉప్పునీరు పది చుక్కలు, వీటితోపాటు తాగే నీరు 160 మి.లీ. కలిపి, మూత ఉన్న సీసాలో పోసి ఫ్రిజ్‌లో మూడు గంటలు ఉంచండి. ఐసు నుంచి రావలసిన నీటి భాగాన్ని ముందే కలిపేశారు కాబట్టి మళ్లీ ఊపనక్కరలేదు. సీసాను ఒకసారి తిరగేసి, పెద్ద ఐసు ముక్క ఉన్న గ్లాసులో ఒక్కొక్కరికి 140 మి.లీ. పోస్తే చాలు. తాగనివారి కోసం విస్కీ లేకుండా అదే నిమ్మరసం, అదే పాకం సోడాలో కలిపి మరో సీసా పెట్టండి, రెండింటి మీదా చీటీలు అంటించండి. మధ్యాహ్నం కలిపినది ఆ రాత్రికి అయిపోవాలి. మర్నాటికి నిమ్మరసం వాసన పోయి చేదెక్కుతుంది, అప్పుడు ఎంత పాకం పోసినా బాగుపడదు.